ముప్పై ఒకటో దెబ్బ

దెబ్బ పడిన చోట ఇనుము లేదు. మేస్త్రి మణికట్టు ఉంది.

పచ్చికొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పట్టకారు నేల మీద పడింది. ఎర్రగా కాలిన ఉలి దాగలి దిమ్మ మీదినుంచి జారి, నీళ్ళు చల్లిన మట్టిలో బుసకొట్టింది. మేస్త్రి తన ఎడమ చేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు. బొటనవేలి కింద చర్మం చీలి, ఎముక కొన తెల్లగా బయటికి వచ్చింది. నెత్తురు మొదట ఊరింది, తరువాత కారింది. అప్పుడు గానీ అతని గొంతు పెగల్లేదు. పెగిలాక వచ్చిన కేకకు వీధి చివరి కుక్కలు కూడా లేచాయి.

తిత్తి గొలుసు లాగుతున్న అత్త గొలుసు వదిలేసింది. కొలిమిలో మంట ఒక్కసారి పైకి లేచి అణిగిపోయింది.

దెబ్బ కొట్టిన కోడలు నిలబడిన చోటే నిలబడి ఉంది. అయిదు కిలోల సమ్మెట ఇంకా దాగలి మీదే ఉంది. దాని ముఖాన ఎర్రటి తడి. మొగుడి చేతికంటే ముందు ఆమె తన చేతులను చూసుకుంది. అవి వణకడం లేదు. ఆ సంగతి ఆమె గమనించింది.

"తీసేసింది అమ్మా. నా చెయ్యి తీసేసింది ఇది" అన్నాడు మేస్త్రి.

"నోరు ముయ్యి. కిందికి చూడకు." అత్త తలకు కట్టుకున్న గుడ్డ విప్పి కొడుకు మోచేతి పైన బిగించి, ముడిలో సుత్తి పిడి దోపి మెలిపెట్టింది. అతను తన్నుకున్నాడు. ఆవిడ మోకాలితో అతని రొమ్ము అదిమి పట్టి కోడలి వైపు తిరిగింది. "బొమ్మలా నిలబడతావేంటే. బండి పిలు."

ఆసుపత్రి వరండాలో, లోపల కొడుకును కోస్తుండగా, అత్త ఆమెను గోడకు నిలబెట్టి రెండు చెంపదెబ్బలు కొట్టింది. నలభై ఏళ్ళు ఇనుముతో బతికిన చెయ్యి. రెండో దెబ్బకు ఆమె పెదవి చిట్లింది.

"ఒకటి వాడి చేతికి. రెండోది నువ్వు ఏడవనందుకు" అంది అత్త. అని, పక్కనే బెంచీ మీద కూలబడి, తానే ఏడ్చింది.

డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు: రెండు ఎముకలు విరిగాయి, లోహపు పట్టీలు వేశారు, చివరి రెండు వేళ్ళకు స్పర్శ తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. ఇలాంటి గాయం వస్తే కబురు పెట్టడం ఆసుపత్రి పద్ధతి కాబట్టి పోలీసు స్టేషన్నుంచి హెడ్డు కూడా వచ్చి ఉన్నాడు. రిటైరు కావడానికి దగ్గర పడ్డ మనిషి, ప్రతి మెట్టుకూ మోకాలి మీద చెయ్యి వేసుకునేవాడు. మత్తు దిగుతున్న మేస్త్రి అతనికి ఒకే మాట చెప్పాడు; అది వరండాలోకి కూడా వినబడింది.

"దానికి నరాల జబ్బు సార్. చెయ్యి దాని మాట వినదు. పాపం, దానికేం తెలీదు."

హెడ్డు ఆ మాట రాసుకుని వరండాలోకి వచ్చాడు. "రేపు పది గంటలకు వస్తా చెల్లెమ్మా. నువ్వూ అదే చెప్పు, చాలు. కాగితం మూసేస్తాం. జబ్బు మీద ఎవరూ కేసు పెట్టరు."

ఆమె తల ఊపింది. ఊపాక ఆ 'పాపం' అన్న మాట చెవిలో ముల్లులా దిగబడి ఉండిపోయింది. రేపు అవునంటే ఆమె బయటపడుతుంది. బయటపడ్డ ఆమె చేతికి మళ్ళీ సమ్మెట ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. తన మాట వినని చెయ్యి ఉన్న మనిషి కింద ఎవరు మణికట్టు పెడతారు? కాదంటే, ఆ చెయ్యి ఆమె మాట విన్నట్టు. అప్పుడు ఆమె నేరస్థురాలు.

ఈ రెంటిలో ఏది నిజమో ఆమెకు తెలియదు. తెలియదన్నదే ఆమెను ఎక్కువగా భయపెట్టింది.

*

జబ్బు పేరు బయటపడి ఏడాదిన్నర అయింది. మొదట ఎడమ కంట్లో పొగ కమ్మింది. అది తగ్గాక కాలు. నడుస్తూ నడుస్తూ ఉంటే అరికాలు కింద నేల దూదిలా మెత్తబడేది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొరను ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే కొరికేస్తుందని, అందుకే మెదడు పంపిన కబురు చేతికీ కాలికీ సరిగ్గా అందదని పెద్ద డాక్టరు బొమ్మ గీసి చూపించాడు.

"కంచే చేను మేసిందన్నమాట" అంది అత్త.

"సరిగ్గా అంతేనమ్మా."

"మరి చేసేదేముంది?"

"మందులున్నాయి. వేడి తగలకూడదు. వేడెక్కితే అన్నీ ఎక్కువవుతాయి."

అత్త నవ్వింది. "కొలిమింటి కోడలికి వేడి పడదా. చేపను నీళ్ళకు దూరంగా ఉండమన్నట్టుంది."

కాళ్ళకూ చేతులకూ కసరత్తు నేర్పే గదిలో ఒక మేడమ్ ఆమెకు కాగితం ఇచ్చింది. అందులో అన్నీ ప్రశ్నలే. నిండు గ్లాసు ఒలకకుండా గది దాటగలనని ఎంత నమ్మకం? స్నానాల గదిలో పట్టు లేకుండా నిలబడగలనని ఎంత నమ్మకం? పదికి ఎన్ని? ఆమె ఒక్కటి కూడా చదవకుండా వరసగా అన్నిటికీ పది వేసింది. కొలిమికి ఉలులు తెచ్చే రాళ్ళు కొట్టేవాళ్ళు ఆమెను 'పిడుగు' అని పిలుస్తారు. పిడుగు తొమ్మిది వేస్తుందా?

మేడమ్ కాగితం పక్కన పెట్టింది. "అన్నిటికీ పది వేసేవాళ్ళే నా దగ్గర ఎముకలు విరగ్గొట్టుకుంటారు. అన్నిటికీ సున్నా వేసేవాళ్ళు మంచం దిగరు. నీ ధైర్యం నాకు తెలుస్తూనే ఉందమ్మా, నాకు కావలసింది లెక్క. ఏ పని, ఏ వేళ, ఎన్నిసార్లు. చూసుకుని చెప్పు."

ఆమె చూసుకుంది. రెండు నెలలు పట్టింది. తెల్లవారుజామున, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, తడి గోనె మీద నిలబడితే అరవై దెబ్బలు. అంటే ఇనుము మూడుసార్లు కాలే కాలం. అరవై దాటితే ఎడమ అరికాలు దూది అవుతుంది. డెబ్బై దాటితే సమ్మెట తలలు రెండు కనబడతాయి. ఎండెక్కాక ముప్పై. జ్వరముంటే సున్నా. ఇంతకుముందు రోజుకు మూడు వందలు కొట్టిన మనిషికి అరవై ఒక అవమానంగా తోచాలి; తోచలేదు. ఆ అరవై ఆమెవి. జీవితంలో మొదటిసారి తన బలం ఎంతో అంకెలో తెలిసింది. తెలియని మూడు వందలకంటే తెలిసిన అరవై మీద ఆమె కాలు గట్టిగా ఆనింది.

"అరవై" అని మొగుడికి చెప్పింది. "అరవై దాకా నీ చెయ్యి నా దగ్గర భద్రం. ఆ తరువాత నేనే ఆపేస్తా."

మేస్త్రి సరేనన్నాడు. అతని మణికట్టు సరేననలేదు.

కమ్మరి పనిలో మాటలు ఉండవు. మేస్త్రి ఎడమ చేత పట్టకారుతో ఇనుము పట్టి, కుడి చేత సుత్తితో ఒక చోట తడతాడు. సమ్మెట అక్కడ పడాలి. ఇక చాలనుకున్నప్పుడు ఇనుమును వదిలి దాగలి మీద తడతాడు. దాన్ని ఉత్త మోత అంటారు. ఉత్త మోత మోగితే సమ్మెట ఆగాలి, ఎందుకంటే మరుక్షణం మేస్త్రి చెయ్యి లోపలికి వస్తుంది. క్వారీ ఉలులు పొట్టివి కాబట్టి, పని జరిగినంతసేపూ దెబ్బకూ మణికట్టుకూ మధ్య జానెడు దూరం. పద్నాలుగేళ్ళు ఆ జానెడులో ఇద్దరి సంసారం నడిచింది. జబ్బు పేరు ఇంట్లోకి వచ్చాక అతనికి ఆ జానెడు బెత్తెడుగా కనిపించసాగింది.

భయపడుతున్నానని మేస్త్రి అనలేదు. కొట్టాడు.

మొదటిసారి, సమ్మెట అంచు పట్టకారుకు తగిలి అది ఎగిరి అతని గడ్డాన్ని తాకినప్పుడు. ఆ దెబ్బ అరవై ఎనిమిదోది. గిరాకీ ఎక్కువగా ఉందని ఆపనివ్వనిది అతనే. ఆ పట్టకారుతోనే ఆమె వీపు మీద కొట్టాడు. రెండోసారి కారణం చారు చల్లారిందని. మూడోసారి ఆమె మెట్ల మీద తూలిందని, అందరూ చూశారని. లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసి మరీ కొట్టాడు. ఎప్పుడూ చేతుల మీద కొట్టలేదు. చేతులు పనికి కావాలి.

నాలుగోసారి, మణికట్టు విరిగిన నాటి తెల్లవారుజామునే. "రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు, బొగ్గు ఎగదోస్తూ. "మర సమ్మెట తెప్పిస్తున్నా. కరెంటుతో కొడుతుంది. దానికి జబ్బులుండవు."

"అరవై కొడుతున్నా కదా."

"నీ అరవై నువ్వే లెక్కపెట్టుకో. వంటింట్లో కుర్చీ వేయిస్తా, కూర్చుని ఉల్లిపాయలు కొయ్యి. అవైనా నిన్ను చూసి ఏడుస్తాయి."

"మర సమ్మెటకు చారు కూడా నువ్వే పోస్తావా మావా?"

అప్పుడు కొట్టాడు, చెవి మీద. చెవి గుయ్యిమంటుండగానే ఆమె సమ్మెట ఎత్తింది. ఉలి కాలింది. ఒక కాలుపు అయింది. రెండోసారి కాలింది. ఉత్త మోత మోగింది.

*

మరునాడు హెడ్డు వచ్చేలోపు తేల్చుకోవాలి. ఇంకా మసక ఉండగానే ఆమె కొలిమి రాజేసింది. చల్లటి చోట పరీక్ష చేసుకుంటే అది అబద్ధపు పరీక్ష. బొగ్గు కణకణలాడేదాకా తిత్తి లాగి, తువ్వాలు తడిపి మెడకు చుట్టుకుని, గోనె మీద నిలబడి, దాగలి మీద సీసపు దిమ్మ పెట్టింది. దాని మీద పిడికిట పట్టిన సుద్దముక్కతో గోరంత చుక్క. నిన్నటి నెత్తురు దాగలి కొమ్ము కింద నల్లగా ఎండి ఉంది. దాన్ని తుడవలేదు.

కొట్టింది. సీసం మెత్తన; ప్రతి దెబ్బా అందులో అచ్చు దించుతుంది, అబద్ధమాడదు. పది. ఇరవై. గాయపడ్డ పెదవి మళ్ళీ చిట్లి ఉప్పగా నోట్లోకి వచ్చింది. ముప్పై. ముప్పై ఒకటి. గుంట మధ్యలో గుంట. నలభై అయ్యేసరికి సీసం రొట్టెలా పరుచుకుంది. మడిచి మళ్ళీ పెట్టి కొట్టింది. అరవై. అక్కడ ఆపాలి. ఆపలేదు. అరవై నాలుగుకు అరికాలు పోయింది. డెబ్బై ఒకటికి సమ్మెట దాగలి అంచు మీద పడి మోచేతుల దాకా ఝల్లుమంది. డెబ్బై నాలుగుకు కాలు మడతపడి ఆమె ముందుకు కూలింది. గడ్డం దాగలికి కొట్టుకుంది. పళ్ళు నాలుకలో దిగాయి.

కింద పడి, నెత్తురు ఉమ్మి, కదలకుండా ఉండిపోయింది. లెక్క సరిగ్గానే ఉంది. జబ్బు తన హద్దు తాను దాటలేదు.

"డెబ్బై నాలుగు" అంది గుమ్మంలోంచి అత్త.

ఆవిడ ఎప్పుడు వచ్చి నిలబడిందో. తిత్తి లాగే మనిషికి దెబ్బలు లెక్కపెట్టడం ఊపిరితో పాటు వచ్చే అలవాటు. ఇన్ని దెబ్బలకు ఇనుము చల్లారుతుందని తెలిస్తేనే గాలి ఎప్పుడు పెంచాలో తెలుస్తుంది. ఆ లెక్క ఆవిడకు నిద్రలో కూడా తప్పదు.

"నిన్న ఎన్నోది అత్తా?"

"నాకేం గుర్తు?"

"అత్తా."

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. "ముప్పై ఒకటి."

ఆమె దాగలి పట్టుకుని లేచి నిలబడింది. నిలబడగలిగేదాకా ఆగి, మెడ మీది తువ్వాలు మళ్ళీ తడుపుకుంది. "ఇంకొక్క పని చేసిపెట్టు. సుత్తి తీసుకో. నేను ఎత్తాక, భుజం దాటాక, ఉత్త మోత మోగించు. ఎప్పుడు మోగిస్తావో చెప్పకు."

భుజం దాటిన సమ్మెటను ఆపడం మనిషి వల్ల కాదు. కానీ పక్కకు వదిలేయవచ్చు. మణికట్లు మెలిపెట్టి పట్టు సడలిస్తే అది దాగలి పక్కన నేల మీద పడుతుంది. కోడలిగా వచ్చిన మొదటి నెలంతా అత్త ఆమెకు నేర్పింది అదొక్కటే. కొట్టడం ఆ తరువాత. మూడుసార్లు మోగించింది అత్త. మూడుసార్లూ సమ్మెట పక్కకు వెళ్ళి నేలలో దిగబడింది. డెబ్బై నాలుగు దెబ్బలు కొట్టిన చేతులు, పడి లేచిన కాళ్ళు, అయినా వదిలాయి.

అత్త సుత్తి కింద పెట్టింది. తరువాత లేచి వచ్చి, కోడలి జుట్టు పిడికిట పట్టి, నుదురు స్తంభానికేసి కొట్టింది.

"అయితే కావాలనే చేశావు."

"కావాలని అనుకోలేదత్తా." ఆమె విడిపించుకోవడానికి ప్రయత్నించలేదు. "వద్దని కూడా అనుకోలేదు. చెయ్యి కనబడింది. వదిలెయ్యాలని తెలుసు. వదల్లేదు."

జుట్టు మీది పిడికిలి వదులైంది, మళ్ళీ బిగిసింది, వదిలేసింది. అత్త దాగలి మొద్దు మీద కూర్చుంది. పొయ్యిలో బొగ్గు ఒకటి పేలింది.

"వాడు నిన్ను కొట్టేటప్పుడు నాకు వినిపించేది" అంది. "గోడ ఎంత మందమని. వినిపించినప్పుడల్లా తిత్తి గట్టిగా లాగేదాన్ని."

*

పది గంటలకు హెడ్డు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కాగితాలు విప్పాడు. మేస్త్రి చెయ్యి కట్టుతో పైకి వేలాడుతోంది. అత్త కిటికీ దగ్గర నిలబడింది. కోడలి నుదుటి మీది బొప్పి, గడ్డం మీది చీలిక, చిట్లిన పెదవి హెడ్డు వరసగా చూశాడు గానీ అడగలేదు. ఇళ్ళలో జరిగేవి ఇళ్ళలో ఉండనిచ్చే కాలపు మనిషి.

"రాసేశాను చెల్లెమ్మా. 'నరాల వ్యాధి కారణంగా చెయ్యి అదుపు తప్పి' అని. చదువుతా, విను."

"నా చెయ్యి అదుపు తప్పలేదు సార్."

హెడ్డు కలం ఆగింది.

"అది ముప్పై ఒకటో దెబ్బ. నాకు అరవై దాకా అదుపు ఉంటుంది. ఉత్త మోత విన్నాను. సమ్మెట పక్కకు వదిలెయ్యొచ్చు, వదలడం వచ్చు. వదల్లేదు. అది రాయండి."

"నీకేమైనా మతి పోయిందా? అది రాస్తే కేసవుతుంది."

"అవనివ్వండి."

మంచం పక్కన స్టీలు చెంబు ఉంది. మేస్త్రి కుడి చేత్తో దాన్ని అందుకుని విసిరిన క్షణం హెడ్డుకు కనబడనే లేదు. నీళ్ళతో సహా వచ్చి ఆమె కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి కారింది. హెడ్డు లేచాడు, స్టూలు వెనక్కి పడింది. ఆమె ఒక చేత్తో మంచం కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో కన్ను తుడుచుకుని, ఆపిన చోటే అందుకుంది.

"ఇదీ రాయండి. ఇది అయిదోది. ముందు నాలుగు ఉన్నాయి. వరసగా చెప్తా."

"నేను దాన్ని కాపాడుతుంటే" అన్నాడు మేస్త్రి, ఆయాసపడుతూ, "నోటితో తవ్వి గోతిలో పడుతోంది చూడండి సార్. జబ్బని చెప్పి కాపాడుతుంటే."

"జబ్బని చెప్పి నా చెయ్యి లాక్కుంటున్నావు మావా. నేను నీ చెయ్యి విరగ్గొట్టా. దానికి ఏ శిక్ష వేస్తే అది పడతా. నువ్వు జాలిపడి నా చేతులు రెండూ తీసేస్తానంటే ఒప్పుకోను."

నర్సు వచ్చి ఆమె కనుబొమ్మ మీద దూది అదిమి, మేస్త్రి వైపు చూసి, చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఎన్నోది అన్నావు?" అన్నాడు మేస్త్రి. గొంతు మారింది, పని దగ్గరి గొంతు అది.

"ముప్పై ఒకటి."

అతను తల్లి వైపు చూశాడు. అత్త తల ఊపింది. ఆ లెక్కతో వాదించడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళ వెనుక ఏం జరుగుతోందో ఆమెకు కనబడుతూనే ఉంది: సుత్తి, దాగలి, పైకి లేస్తున్న సమ్మెట.

"నేను మోగించినప్పుడు సమ్మెట ఎక్కడుంది?"

"నీకు తెలుసు."

"భుజం దాటింది" అన్నాడు మేస్త్రి పైకప్పుతో. "భుజం దాటాక మోగించకూడదు సార్. సమ్మెట కిందున్నప్పుడే మోగించాలి. అది మా పనిలో ఓనమాలు. మా నాన్న ఉండి ఉంటే నా చెయ్యి ఆయనే విరగ్గొట్టేవాడు."

"మరి ఎందుకు మోగించావు?" అన్నాడు హెడ్డు.

వేలాడుతున్న చేతి వేళ్ళలో మూడు కదిలాయి.

"భయమేసింది. ఏడాదిన్నరగా వేస్తోంది. దాని చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ వేస్తోంది."

ఆ మాట ఇంత చిన్నదా అని ఆమెకు అనిపించింది. వీపు మీద, చెవి మీద, కనుబొమ్మ మీద ఇన్నాళ్ళూ పడుతూ వచ్చింది ఈ ఒక్క మాటే. ఆమెకు అతని మీద జాలి కలిగింది, కోపం తగ్గలేదు. రెండూ ఒకే చోట, ఒకదానికొకటి అడ్డు తొలగకుండా నిలబడ్డాయి.

"నిన్న రోగమన్నావు" అన్నాడు హెడ్డు, స్టూలు లేపుకుంటూ. "ఆమె నేనే అంటుంది. ఇప్పుడు నువ్వు నా తప్పంటున్నావు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తప్పు నాది కాదని కొట్టుకునేవాళ్ళనే చూశాను గానీ, నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళను చూడలేదు. ఇంతకీ నేనేం రాయాలి?"

"ఆయన చెప్పింది ఆయనది, నేను చెప్పింది నాది. రెండూ రాయండి" అంది ఆమె. "రోగం మాత్రం కొట్టేయండి."

హెడ్డు నిట్టూర్చి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. రాయడానికి గంట పట్టింది. చివర ఇంకు డబ్బా తీసి బొటనవేలు పెట్టమన్నాడు. ఆమె వేళ్ళ సంగతి విన్నాడు కాబట్టి, దయతోనే. ఆమె కలం అడిగింది. కలం లాంటి సన్నటి వస్తువులు ఆమె వేళ్ళ మధ్య నిలవడం మానేసి చాలా కాలమైంది. పిడికిటితో పట్టుకుని, ఒక్కో అక్షరానికీ మణికట్టు మొత్తం తిప్పుతూ, రెండుసార్లు కలం జారిపడితే రెండుసార్లూ వంగి తీసుకుని, తన పేరు పూర్తిగా రాసింది. హెడ్డు గడియారం చూసుకున్నాడు గానీ తొందరపెట్టలేదు.

*

కేసు ఇద్దరి మీదా నమోదైంది. విచారణకు తేదీ ఇంకా రాలేదు. ఆసుపత్రినుంచి మేస్త్రి ఇంటికి రాలేదు, అక్కగారింటికి వెళ్ళాడు. అతను రానన్నాడా, ఆమె రావద్దందా అని వీధిలో రెండు రకాలుగా చెప్పుకున్నారు. రెండూ నిజమే. మర సమ్మెట మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పట్టకారు పట్టే చెయ్యే లేనప్పుడు ఏ సమ్మెట అయితేనేం?

క్వారీ వాళ్ళు ఆగలేదు. మొండి ఉలులు గోనె సంచీలో తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్ళారు. మూడో రోజుకు ఆ సంచీలు నాలుగయ్యాయి. నాలుగో రోజు తెల్లవారుజామున ఆమె లేచి చూసేసరికి కొలిమి వెలిగి ఉంది. తిత్తి గొలుసు పైకి చుట్టేసి ఉంది. దాని స్థానంలో కరెంటు గాలి యంత్రం ఒకటి గురకపెడుతోంది. మేస్త్రి కూర్చునే చోట అత్త కూర్చుని ఉంది. ఎడమ చేత పట్టకారు, కుడి చేత సుత్తి.

"నీకు పట్టకారు పట్టడం వచ్చా?"

"పాతికేళ్ళు మీ మామను చూశాను, పద్నాలుగేళ్ళు నీ మొగుణ్ణి చూశాను. వాళ్ళ తప్పులన్నీ వచ్చు. తువ్వాలు తడుపుకుని రా."

ఆమె తడుపుకుని వచ్చి గోనె మీద నిలబడింది. అత్త కాలిన ఉలిని దాగలి మీద పెట్టింది. ఎముకలు తేలిన, మచ్చలు పడిన ఆ మణికట్టు ఎర్రటి ఇనుముకు జానెడు దూరంలో వచ్చి ఆగింది. సమ్మెట పిడి చుట్టూ ఆమె వేళ్ళు ముడుచుకున్నాయి గానీ పైకి లేవలేదు.

"ఎన్ని?" అంది అత్త.

ఆమెకు అరవై అనడానికి నోరు రాలేదు. "నరాలకైతే అరవై అత్తా. కోపానికి ఎన్నో తెలీదు."

"నా మీద ఉందా?"

"ఉంది."

"ఎంత?"

"ఇంకా లెక్కపెట్టలేదు."

అత్త ఆమెను కిందినుంచి పైకి చూసింది. మొహంలో భయం ఉంది. ఆవిడ దాన్ని దాచుకోలేదు. మణికట్టు ఉన్న చోటే ఉంది.

"అయితే పాతికకు ఆపుతా. రేపటి సంగతి రేపు చూద్దాం. ఇనుము చల్లారుతోంది."

సుత్తి ఉలి మొన మీద ఒకసారి తట్టింది. ఆమె సమ్మెట ఎత్తింది. అది భుజం దాటింది, పడింది.

"ఒకటి" అంది అత్త.